మేళానికి డబ్బెవరిస్తారు?

పల్లె కళలకు ప్రభుత్వం ఇచ్చే సాయం మీద ఏమైనా అడగండి అని పోయిన సంచికలో రాశాం. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. ఎక్కువ మంది పింఛన్ గురించి అడిగారు, కొందరు కోపంగా రాశారు, ఒకరిద్దరు అసలు ఈ ఖర్చే దండగ అన్నారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. ఎవరి పేరూ వేయడం లేదు.

జనగామ జిల్లా నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: మా నాన్న ఒగ్గు కథ చెప్తారు. వయసు 62. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు రాత్రంతా నిలబడలేకపోతున్నారు. మండలాఫీసులో అడిగితే వృద్ధాప్య పింఛన్‌కు పెట్టుకోమన్నారు. కళాకారులకని వేరే ఏమీ లేదా?

ఉంది తమ్ముడూ. వృద్ధ కళాకారుల పింఛన్ వేరే, అది మామూలు వృద్ధాప్య పింఛన్ల లిస్టులోది కాదు. భాషా సాంస్కృతిక శాఖ ఇస్తుంది కాబట్టి మండలాఫీసులో దాని సంగతి తెలియకపోవచ్చు. 2021లో దాన్ని 1,500 నుంచి 3,016 రూపాయలకు పెంచారు. ఇది కాక కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు కూడా ఒక పథకం ఉంది. 60 ఏళ్లు దాటి, ఏడాది ఆదాయం 72,000 మించని కళాకారులకు నెలకు గరిష్ఠంగా 6,000 దాకా ఇస్తారు. ముందు రాష్ట్రానిది పెట్టండి, తర్వాత కేంద్రానిది. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో తీసుకుని, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులతో కలిపి సిద్ధంగా ఉంచుకోండి.

అసలు చిక్కు ఇక్కడ కాదు. "కళాకారుడనడానికి రుజువు ఏది?" అంటారు చూడండి, అక్కడ ఆగిపోతారు చాలామంది. నాన్నగారికి సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఆయన నేర్చుకున్నది తాతల దగ్గర. అందుకని ఈ వారమే ఒక పని చేయండి. మల్లన్న పట్నాలకు, బీరప్ప పండుగకు పిలిచినవాళ్లు వేసిన కరపత్రాలు, ఆయన పేరున్న ఫ్లెక్సీ ఫొటోలు, శాలువా కప్పినప్పుడు తీసిన ఫొటోలు, పేపర్లో పడ్డ చిన్న వార్త, ఆకాశవాణిలో ఎప్పుడైనా పాడి ఉంటే ఆ కాగితం, అన్నీ ఒక్క ఫైల్లో పెట్టండి. ప్రతి ఫొటో వెనక ఊరు, సంవత్సరం రాయండి. ఏ ఏ ఊళ్లలో కథ చెప్పారో నాన్నను కూర్చోబెట్టి అడిగి రాసుకోండి, సర్పంచ్ చేత, కుల సంఘం పెద్దల చేత సంతకాలు పెట్టించండి. ఇంత చేసినా ఆలస్యం అవుతుంది, అయినా ఫైలు ఉన్నవాళ్ల దరఖాస్తు ముందుకు కదులుతుంది.

నాకు మాత్రం ఈ పద్ధతే తప్పనిపిస్తుంది. నోటితో నేర్చుకుని నోటితో చెప్పే మనిషిని కాగితం తెమ్మనడం ఏమిటి? జిల్లాకు ఇద్దరు తెలిసినవాళ్లను పంపి, ఒక అరగంట కథ వినమనండి. డోలు మీద దెబ్బ పడ్డ రెండు నిమిషాలకే తెలిసిపోతుంది ఎదురుగా ఉన్నది ఎవరో.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: ఎవరూ చూడని కళలకు మా పన్ను డబ్బు ఎందుకండీ? సినిమాను ఎవరైనా ప్రభుత్వ డబ్బుతో బతికిస్తున్నారా? జనం చూస్తే బతుకుతుంది, లేకపోతే పోతుంది.

సినిమా మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్ రావాలని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం స్టూడియోలకు స్థలాలిచ్చింది, పన్నుల్లో రాయితీలిచ్చింది, నంది అవార్డులిచ్చింది. అది తప్పని నేను అనను. ఒక పరిశ్రమ నిలబడాలంటే మొదట్లో చేయూత కావాలి, ఇచ్చారు, నిలబడింది. చిందు భాగవతానికో, తోలుబొమ్మలాటకో అలాంటి చేయూత ఎప్పుడూ అందలేదు. ఇచ్చినదల్లా అడపాదడపా ఒక కార్యక్రమం, ఒక శాలువా.

"ఎవరూ చూడని" అన్నారు. మీరు ఒకసారి బోనాలప్పుడో పట్నాలప్పుడో ఊళ్లకు వెళ్లి చూడండి. జనం కూర్చునే ఉంటారు. తగ్గిపోయింది డబ్బిచ్చేవాళ్లు. దీనికి ఒక చరిత్ర ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

తెలంగాణ పల్లెల్లో ఒక్కో కులానికి వాళ్ల పురాణం చెప్పే ఆశ్రిత కులం ఉండేది. మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. ఫలానా ఊళ్లలో ఆడే హక్కు ఫలానా కుటుంబానిది. దాన్నే మిరాశీ అంటారు. ఆ కుటుంబం ఊళ్లోకి వస్తే వాళ్లకు తిండి పెట్టడం, కథ చెప్పించుకోవడం, వెళ్లేటప్పుడు వడ్లో పైకమో మేకో ఇచ్చి పంపడం పోషక కులం బాధ్యత. ఇష్టముంటే ఇచ్చేది కాదు, ఇచ్చి తీరాలి. అన్నదమ్ములు వేరుపడితే ఊళ్లు కూడా పంచుకునేవారు, పొలం పంచుకున్నట్టే. అంటే టికెట్ కొని చూసే పద్ధతి ఈ కళలకు ఏనాడూ లేదు, వాటి వెనక ఒక గట్టి చెల్లింపు ఏర్పాటు ఉండేది.

ఆ ఏర్పాటులో గౌరవం ఎంత ఉందో అవమానమూ అంతే ఉంది. అడుక్కున్నట్టు చేయి చాపాలి, ఊరి బయట గుడిసె వేసుకోవాలి. దాన్ని తిరిగి తెమ్మని ఏ కళాకారుడూ అడగడం లేదు, నేనూ అడగను. కానీ పాత పనులు పోయి, ఇచ్చే కుటుంబాలు పట్టణాలకు వలస పోయి, చేతిలో గింజలున్న ఇళ్లు తగ్గిపోయి, మిరాశీ కూలిపోయిన చోట ఏం పెట్టాం? నా పట్టుదల అంతా ఇక్కడే. ఆ చోటులో సర్కారు ఒక నికరమైన చెల్లింపు పెట్టాలి. ఏడాదికి ఇన్ని రాత్రుల ఆటకు, ఇంత మందికి, ఇంత అని. ఆట ఆడితే డబ్బు, అదీ ఆడాల్సిన ఊళ్లోనే ఆడాలి, రవీంద్రభారతిలో పది నిమిషాల ముక్క కాదు.

ఇది జరగని పనేం కాదు. సురభి నాటక సమాజం సంగతి తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబాల నాటకం అది. టికెట్ డబ్బుతో, ఊరూరా గుడారాలు వేసుకుంటూ దశాబ్దాలు నడిచింది. సినిమా వచ్చాక, టీవీ వచ్చాక ఆ ఆదాయం చాలలేదు. బృందంలోని గురువుకు, కళాకారులకు నెలనెలా డబ్బిచ్చే కేంద్రం రెపర్టరీ గ్రాంటు ఆ కష్టకాలంలో ఆసరా అయింది. ఈ గ్రాంటులో గురువుకు నెలకు 15,000, వయసొచ్చిన కళాకారులకు 10,000 దాకా ఉంటుంది. పెద్ద మొత్తమేం కాదు, కానీ నెలనెలా అనే మాటలో ఉంది దాని బలం. ఒక కుటుంబం పిల్లల్ని మేకప్ వేసి స్టేజీ ఎక్కించాలా, వేరే పనికి పంపాలా అనేది ఆ నెల జీతం మీదే తేలుతుంది.

ఇంకోవైపు కిన్నెర మొగులయ్య గారిని చూడండి. 12 మెట్ల కిన్నెర వాయించే ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్న వీడియో మనందరి ఫోన్లలోకి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ పొందిన వాళ్లకు 25 లక్షలు, వాళ్లలో పేద కళాకారులకు నెలకు 25,000 పింఛన్ ప్రకటించింది. మంచిదే. అయితే ఒక కళలో పద్మశ్రీ ఏ ఒకరిద్దరికో వస్తుంది. పక్కన వంత పాడేవాడికి, వాద్యం తయారుచేసేవాడికి ఏమీ రాదు. అవార్డు వచ్చిన మనిషికి సాయం చేయడం, ఆ కళకు సాయం చేయడం రెండూ వేర్వేరు పనులు.

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక తప్పెటగుళ్ల బృందం: మంత్రులు, పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు మమ్మల్ని పిలుస్తారు. గేటు దగ్గర ఎండలో నిలబెడతారు, కారు రాగానే ఆడమంటారు, కారు లోపలికి పోగానే అయిపోయింది అంటారు. డబ్బు అడిగితే బిల్లు పెట్టాం అంటారు, నెలలు గడిచిపోతాయి.

చదివితే కడుపు మండింది. గుండెకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఇంతమంది ఒక్కసారిగా లేచి తిరిగే ఆట అది. గంగమ్మ తల్లికి మొక్కి వానల కోసం ఆడే ఆట. దాన్ని గేటు అలంకారం చేసేశారు.

ఇకమీద ఫోన్‌లో పిలిస్తే రామని చెప్పండి, మర్యాదగానే చెప్పండి. ఏ తేదీ, ఎంతసేపు, ఎంతమంది, మనిషికి ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది, ఏ శాఖ ఇస్తుంది, ఇవన్నీ ఉన్న ఉత్తర్వు కావాలని అడగండి. కాగితం లేని ఆటకు బిల్లు ఉండదు, బిల్లు లేని ఆటకు డబ్బు రాదు. పాత బకాయిలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫలానా తేదీ కార్యక్రమానికి కళాకారుల పద్దు కింద ఎంత మంజూరైంది, ఎవరి ఖాతాలో పడింది అని అడిగితే చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాచోట్ల ఈ ప్రశ్న వేయగానే డబ్బు కదులుతుంది.

రెండోది, మీ బృందం రిజిస్టర్ అయిందా? రాయలేదు మీరు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. రిజిస్టర్ అయ్యాక బృందం పేరుతో బ్యాంకు ఖాతా తెరవండి. తంజావూరులో దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం ఉంది, నాగపూర్‌లో దక్షిణ మధ్య మండల కేంద్రం ఉంది. మండలం అంటే ఇక్కడ మన మండలాఫీసు మండలం కాదు, కొన్ని రాష్ట్రాలు కలిసిన జోన్. 1980లలో ఇలాంటివి దేశమంతా ఏడు పెట్టారు, ఆంధ్ర, తెలంగాణ ఈ రెండింటిలోనూ సభ్యులే. చాలా బృందాలకు ఈ సంగతి తెలియదు. రెండు చోట్లా మీ వివరాలు, ఆట వీడియో పంపి పేరు నమోదు చేయించుకోండి. వాళ్ల ఉత్సవాలకు పిలిస్తే రోజుకు ఇంతని పారితోషికం, రైలు చార్జీలు ఇస్తారు, పైగా అక్కడ గేటు దగ్గర ఆడించరు, వేదిక మీద ఆడిస్తారు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. 1954లో కేంద్రం సాంగ్ అండ్ డ్రామా డివిజన్ పెట్టినప్పటి నుంచి ప్రభుత్వం జానపద కళలకు ఖర్చు పెట్టే డబ్బులో చాలా భాగం ప్రచారానిదే. కుటుంబ నియంత్రణ బుర్రకథ, ఓటు హక్కు కళాజాత, పథకాల పాట. తెలంగాణ ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథిలో సుమారు 550 మందికి నెల జీతం ఇచ్చి ఉద్యోగాలు కల్పించారు. కళాకారుడికి ఉద్యోగం అనే ఆలోచనే చాలా గొప్పది, దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ వాళ్ల చేత ఎక్కువగా పాడించేది పథకాల గురించే. ఇరవై ఏళ్లు అలా పాడాక ఆ గొంతులో మాదిగల కుల పురాణమైన జాంబపురాణం ఉంటుందా? నెలలో సగం రోజులు ప్రచారం, సగం రోజులు వాళ్ల సొంత కథ అని నిబంధన పెట్టడానికి అదనంగా రూపాయి కూడా ఖర్చు కాదు.

పల్నాడు జిల్లా నుంచి: డప్పు కళాకారుల పింఛన్ ఎంత, ఎన్నేళ్లకు ఇస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000, వయసు 50 దాటాలి. ఇంటికి ఒక పింఛన్ అనే నిబంధన ఉంది కాబట్టి ఇంట్లో ఇప్పటికే ఎవరికైనా వస్తుంటే చూసుకోండి. గ్రామ సచివాలయంలో అడగండి.

శ్రీసత్యసాయి జిల్లా నుంచి ఒక టీచర్: ధర్మవరం దగ్గర నిమ్మలకుంట మాకు దూరం కాదు. అక్కడి తోలుబొమ్మల ల్యాంపులు ఢిల్లీ దాకా అమ్ముడవుతాయి. ఆట మాత్రం మా బడి పిల్లల్లో ఒక్కరూ చూడలేదు. నేర్పించడానికి ఏదైనా సాయం దొరుకుతుందా?

టీచర్ గారూ, మీరు సరైన చోట వేలు పెట్టారు. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2020లో నిమ్మలకుంటకే చెందిన దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. హస్తకళల మేళాల్లో స్టాళ్లు దొరుకుతాయి, శిక్షణ ఉంటుంది. ఇదంతా చేతిపనికి వచ్చే సాయం, జౌళి శాఖ వైపు నుంచి వస్తుంది. దానితో ఇళ్లు గడుస్తున్నాయి, ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ ఆట సాంస్కృతిక శాఖ కిందకు వస్తుంది. బొమ్మ ఒక శాఖలో, ఆట ఒక శాఖలో పడ్డాయి, వస్తువుగా అమ్మగలిగింది నిలిచింది, రాత్రిపూట ఆడాల్సింది వెనకబడింది. చేర్యాల నకాషీ పటాలకూ ఇదే గతి. కుల పురాణం చెప్పేవాళ్ల కోసం గజాల పొడవున గీసిన పటాలు ఇప్పుడు చిన్న ఫ్రేములు, మాస్కులు అయ్యాయి.

పలచగా గీకి ఎండబెట్టిన మేకతోలు, దాని మీద నగలకు పొడిచిన సన్నని రంధ్రాలు, ఇవన్నీ వెనక నుంచి దీపం వెలుగు వస్తేనే అర్థమవుతాయి. ల్యాంపులో బొమ్మ కదలదు. ఆటలో రావణుడు యుద్ధానికి దిగితే తెర వెనకవాళ్లు కాళ్ల కింద చెక్కల్ని దబదబా తొక్కుతారు, బంగారక్క, జుట్టుపోలిగాడు మధ్యలో దూరి ఊరిని నవ్విస్తారు. అది చూడని పిల్లవాడికి తోలుబొమ్మ అంటే గోడకు తగిలించే వస్తువే.

సాయం ఉంది. పైన చెప్పిన తంజావూరు, నాగపూర్ లాంటి మండల సాంస్కృతిక కేంద్రాలకు గురుశిష్య పరంపర అనే పథకం ఉంది. గురువుకు నెలకు 7,500, పక్క వాద్యకారుడికి 3,750, శిష్యులకు 1,500 చొప్పున ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఇస్తారు. నిజం చెప్పాలంటే ఏడాదిలో రామాయణం ఆట రాదు. పదాలు, పద్యాలు, బొమ్మ పట్టడం, మూడూ కలిసి చేతికి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. అయినా మొదలవడానికి ఇది పనికొస్తుంది. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర సాంస్కృతిక శాఖ శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్ ఉంది, సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేక కోటా కూడా ఉంది. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు కేంద్రం యువ కళాకారుల స్కాలర్‌షిప్ నెలకు 5,000, రెండేళ్లు. దరఖాస్తులు ఆన్‌లైన్, ఇంగ్లీషులో, హిందీలో. ఇక్కడే మీలాంటి టీచర్ల అవసరం. ఆ కుటుంబాల దగ్గర కూర్చుని ఫారం నింపిపెడితే సగం పని అయినట్టే.

కేరళలో ఒక మంచి పని చేశారు. వజ్రజూబిలీ ఫెలోషిప్ పేరుతో వెయ్యి మంది యువ కళాకారులను ఎంచుకుని, స్థానిక సంస్థలకు అనుసంధానం చేసి, ఊళ్లో ఎవరొచ్చినా ఉచితంగా నేర్పమన్నారు. తమిళనాడులో జానపద కళాకారులకంటూ సంక్షేమ బోర్డే ఉంది. మనకు జిల్లాకు ఇరవై మంది అలాంటి ఫెలోలు ఉంటే, వాళ్లు బళ్లకు వారానికి రెండుసార్లు వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. మీ ఎమ్మెల్యేకు రాసేటప్పుడు "కళల్ని కాపాడండి" అని రాయకండి, ఇది కావాలని రాయండి.

డల్లాస్ నుంచి: మా ఊరి వీధి నాటకం మేళానికి ఏటా కొంత పంపాలని ఉంది. ఎలా పంపాలి?

మంచి ఆలోచన. మీది భారత పాస్‌పోర్టే అయితే మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళంగా లెక్కించరు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, మీరు సొసైటీకి ఇచ్చేది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా తీసుకుంటే మేళంవాళ్లు ఇబ్బందుల్లో పడతారు, పంపే ముందు ఒక ఆడిటర్‌ను అడగండి. పంపేటప్పుడు సన్మానానికని కాకుండా ఈ వేసవిలో మన ఊళ్లో మూడు రాత్రుల ఆటకని పంపండి.

ప్రకాశం జిల్లా నుంచి ఒక సర్పంచ్: మా ఊళ్లో చెక్కభజన గురువు ఉన్నారు, పిల్లలు నేర్చుకుంటామంటున్నారు. పంచాయతీ డబ్బు దీనికి వాడొచ్చా? సెక్రటరీ ఒప్పుకోవడం లేదు.

సెక్రటరీ భయం ఆడిట్ గురించి, ఆయన్ను తప్పుపట్టలేం. అయితే రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి, అందులో 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన నిధుల్లో టైడ్ వాటాను, అంటే దేనికి వాడాలో ముందే కట్టేసిన డబ్బును, నీళ్లకు, పారిశుధ్యానికి కేటాయించారు. అలా కట్టేయని అన్‌టైడ్ వాటాను ఈ 29 అంశాల కింద స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నారు, జీతాలకు, ఆఫీసు ఖర్చులకు మాత్రం వాడకూడదు. కాబట్టి గురువుకు నెల జీతం అని రాస్తే కొట్టేస్తారు. దాని బదులు చెక్కలు, గజ్జెలు, డోలక్ లాంటివి పంచాయతీ ఆస్తిగా కొనండి, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి. గురువుకు ఇచ్చేది ఇంటి పన్ను, సంత వేలం లాంటి సొంత ఆదాయం నుంచి గౌరవ వేతనంగా పెట్టుకోండి. రెండూ వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ముందే రాయించి, గ్రామసభలో తీర్మానం చేయించండి. తీర్మానంలో ఎంతమంది పిల్లలు, ఎన్ని నెలలు, ఎంత మొత్తం అనేది అంకెల్లో ఉండాలి. ఆ కాపీతో ఎంపీడీఓ దగ్గరకు వెళ్లండి, సెక్రటరీని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.